కేస్ షీట్‌లో ‘పూర్ సక్’ అని రాశారు, మా బాబుకి ఏమైనా లోపమా?

గుంటూరు జిల్లా నుంచి ఒక తల్లి పెద్ద ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు కాబట్టి విషయం కుదించి చెప్తాను. ఆమెకు ఇది తొలి కాన్పు. బీపీ బాగా పెరిగిపోవడంతో 31 వారాలకే ఆపరేషన్ చేసి బాబును బయటికి తీశారు. పుట్టినప్పుడు బరువు 1,400 గ్రాములు. మొదట్లో కొన్ని రోజులు ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి అందించి ఊపిరికి సాయం చేసే సీపాప్ పెట్టారు, తర్వాత ఆక్సిజన్ కూడా అవసరం లేకపోయింది. ఉత్తరం రాసేనాటికి బాబుకు 26 రోజులు, బరువు 1,620 గ్రాములు. రెండు గంటలకోసారి 22 మిల్లీలీటర్ల పాలు పడుతున్నారు, ఎక్కువ భాగం పొట్టలోకి వేసిన ట్యూబు ద్వారా, కొంచెం ఉగ్గుగిన్నెతో. రొమ్ము దగ్గర పెడితే నాలుగైదు సార్లు చీకి ఆగిపోతాడు, కాసేపటికి నిద్రపోతాడు. ఒక రాత్రి డ్యూటీ సిస్టర్ సీసాతో పట్టబోతే పొలమారి పెదవుల చుట్టూ నీలంగా మారాడట. మర్నాడు కేస్ షీట్‌లో ‘పూర్ సక్’, అంటే సరిగా చీకట్లేదు, అని రాసి ఉండటం ఈమె చూశారు. అప్పటినుంచి ఏడుపే.

పాలన్నీ నోటితో తాగేదాకా ఇంటికి పంపం అని డాక్టర్‌గారు అన్నారు. బిల్లు రోజురోజుకీ పెరుగుతోంది. ట్యూబుతోనే ఇంటికి తీసుకెళ్దామా, లేకపోతే ప్రభుత్వాసుపత్రికి మార్చేద్దామా అని భర్త అడుగుతున్నారు. సీసా అలవాటు చేస్తే వారంలో బయటపడతాం కదా అని అత్తగారు. ముక్కు నొక్కు, బుగ్గలు పిసుకు, అరికాలు గిల్లు, అప్పుడే తాగుతాడు అని అమ్మగారు. పక్కనే ఉన్న పాప, అదే వారంలో పుట్టింది, ఇంటికి కూడా వెళ్లిపోయింది. ఈ టెన్షన్‌లో తనకు పాలు తగ్గిపోతున్నాయని కూడా రాశారు. “వాడికి మెదడులో ఏమైనా లోపం ఉందా? నాలుకలో ఉందా? లేక నాకే పట్టడం చేతకావట్లేదా?” అన్నది ఆమె ప్రశ్న.

అమ్మా, ముందు బాబు వయసు సరిగ్గా లెక్కపెట్టుకుందాం. ఇంట్లో అందరూ 26 రోజులు, ఇంకొన్నాళ్లకి నెల పిల్లాడు అనుకుంటున్నారు, అందుకే నెల పిల్లాడు పాలు తాగడేంటని భయం. కానీ 31 వారాలకు ఈ 26 రోజులు కలిపితే 34 వారాల 5 రోజులు. అంటే ఇంకో ఐదు వారాలు మీ కడుపులో ఉండాల్సినవాడు. వాడిని ఇప్పుడు పోల్చాల్సింది నెల పిల్లలతో కాదు, 34 వారాలకు పుట్టి ఈ రోజే రొమ్ము దగ్గరికి వచ్చిన బిడ్డతో. పక్కన ఉన్న పాప అదే వారంలో పుట్టి ఉండొచ్చు, ఎన్ని వారాలకు పుట్టిందో మీకు తెలుసా? 34కి పుట్టి ఉంటే ఆ పాప మీ వాడికంటే మూడు వారాలు పెద్దది.

గర్భంలో మూడో నెల దాటేసరికే పిల్లలు ఉమ్మనీరు మింగడం మొదలుపెడతారు, తర్వాత్తర్వాత వేలు చీకడం స్కానింగుల్లో కూడా కనిపిస్తుంది. కాబట్టి చీకడం, గుటక వేయడం మీ వాడికి కొత్త కాదు. కొత్తది ఊపిరి. కడుపులో ఉన్నంతకాలం ప్రాణవాయువు బొడ్డుతాడు నుంచి అందేది, మింగుతూ గాలి పీల్చే పని ఉండేది కాదు. ఇప్పుడు గుటక పడ్డ ప్రతిసారీ గాలి దారి ఒక్క క్షణం మూసుకోవాలి, వెంటనే తెరుచుకోవాలి, ఆ సందులో ఊపిరి అందుకోవాలి. ఈ మూడూ వరసలో పడటం 32, 34 వారాల మధ్య మొదలవుతుంది, 36, 37 వారాలకు గానీ బాగా కుదురుకోదు. ఊపిరితిత్తులకు సాయం అవసరమైన పిల్లల్లో ఇంకొంచెం ఆలస్యమైనా ఆశ్చర్యం లేదు.

నాలుగైదు సార్లు చీకి ఆగిపోతాడని రాశారు కదా, మీరు లోపం అనుకున్న ఆ మాటే నాకు ధైర్యం ఇచ్చింది. నెలలు నిండిన బిడ్డ ఒక విడతలో పది నుంచి ముప్ఫై దాకా చీకుతుంది, మధ్యమధ్యలో ఊపిరి తీసుకోగలుగుతుంది. ఈ వయసు పిల్లలు మూడు నుంచి ఐదు సార్లు చీకి, ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ మొదలుపెడతారు. ఎక్కడ ఆగాలో మీ బాబుకు తెలుస్తోంది. రొమ్ము దగ్గర వాడు ఆగితే పాలూ చాలావరకు ఆగుతాయి, అందుకే అక్కడ నీలంగా మారలేదు. సీసా నుంచి మాత్రం వాడు చీకడం ఆపినా పాలు నోట్లోకి కారుతూనే ఉంటాయి, మింగక తప్పదు, మింగుతుంటే ఊపిరికి సందు దొరకదు. ఆ రాత్రి జరిగింది చాలావరకు ఇదే అయి ఉంటుందని నా అభిప్రాయం. అయినా నీలంగా మారడం చిన్న విషయం కాదు, ఆ సంగతి డాక్టర్‌గారికి తెలుసో లేదో మీరే నేరుగా అడిగి చెప్పండి. సిస్టర్ చెప్పే ఉంటుందిలే అనుకోకండి.

ఇక ఆ ‘పూర్ సక్’. అది ఆ ఒక్క పూట, ఆ ఒక్క మనిషి చూసిన దానికి రాసుకున్న గుర్తు. ఆ సమయంలో బాబు నిద్రలో ఉన్నాడా, అప్పుడే రక్తం తీశారా, స్నానం చేయించారా, అసలు దేనితో పట్టారు, ఇవేవీ ఆ రెండు మాటల్లో ఉండవు. బిడ్డ పాలు తాగే తీరును పద్ధతిగా చూడటం వేరే పని, అందుకు కాస్త ఓపిక కావాలి. ముందు బిడ్డ మెలకువగా, నెమ్మదిగా ఉన్నప్పుడు ఊపిరి లెక్కపెడతారు, నిమిషానికి 60 దాటి ఎగపోస్తుంటే ఆ పూట నోటితో పట్టరు. శుభ్రమైన గ్లవ్ వేసుకున్న చిటికెన వేలు నోట్లో పెట్టి నాలుక వేలి చుట్టూ దోనెలా వంగుతోందా, దవడ లయగా కదులుతోందా, అంగిట్లో చీలిక ఏమైనా ఉందా, నాలుక కింద తీగ బిగుసుకుని ఉందా అని చూస్తారు. పాలు రాని వేలిని పిల్లలు సెకనుకు దాదాపు రెండుసార్లు చీకుతారు, పాలు వస్తుంటే ఆ వేగం సెకనుకు ఒకటికి తగ్గుతుంది, ఎందుకంటే ఇప్పుడు మధ్యలో గుటక ఉంది. ఆ తేడా వస్తోందంటే లయ ఏర్పడుతున్నట్టే.

తర్వాత రొమ్ము దగ్గర చూడాలి. స్వీడన్‌లో కెర్స్టిన్ నిక్విస్ట్ అనే నర్సు నెలలు నిండని పిల్లల కోసమే 1990ల్లో ఒక పద్ధతి తయారుచేశారు, పిబ్స్ అంటారు. రొమ్ము కోసం తల తిప్పి వెతుకుతున్నాడా, చనుమొన ఒక్కటే పట్టాడా లేక చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లిందా, పట్టు ఎంతసేపు నిలిచింది, ఒక విడతలో అత్యధికంగా ఎన్నిసార్లు చీకాడు, గుటక శబ్దం వినిపించిందా, ఇవే అందులో చూసేవి. దీని గొప్పతనం ఏంటంటే తల్లి కూడా చూసి చెప్పగలదు. నోమాస్ అని ఇంకో పద్ధతి ఉంది. పాలు తాగుతుండగా రెండు నిమిషాలపాటు దవడ, నాలుక కదలికలు చూసి, మామూలుగా ఉందా, లయ ఇంకా కుదరలేదా, లేక కదలికలోనే తేడా ఉందా అని విడదీస్తారు. మీరు అడగాల్సిన అసలు ప్రశ్న ఇందులోనే ఉంది. “సార్, మా బాబుకి లయ కుదరకపోవడమా, లేక కదలికలోనే ఏమైనా తేడా కనిపిస్తోందా?” అని అడగండి. మొదటిది ఈ వయసులో మామూలే, వారాలు గడిస్తే, సాధనతో కుదురుకుంటుంది. రెండోదైతే నరాల డాక్టర్, స్పీచ్ థెరపిస్టు చూడాలి. మింగడంలో ఇబ్బందులు కూడా స్పీచ్ థెరపిస్టులే చూస్తారు, చాలామందికి ఈ సంగతి తెలియదు. ఇంత తొందరగా పుట్టిన పిల్లలకి మాడు మీద నుంచి తల స్కాన్ మామూలుగానే చేస్తారు, చేసుంటే ఏమొచ్చిందో అడగండి. మెదడు గురించి మీ భయానికి సమాధానం ఆ రిపోర్టులో, డాక్టర్ పరీక్షలో దొరుకుతుంది, ‘పూర్ సక్’ అన్న రాతలో కాదు.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్తాను. నిన్నటిదాకా చీకినంత కూడా ఇవాళ చీకకపోతే, వళ్లు మెత్తగా వేలాడుతుంటే, చల్లబడితే, పొట్ట ఉబ్బితే, ఆకుపచ్చగా కక్కుకుంటే అది నేర్చుకోవడంలో ఆలస్యం కాదు, ఇన్‌ఫెక్షన్ లాంటిది ఏదో మొదలవుతోందని అర్థం. అప్పుడు ఒక్క నిమిషం కూడా ఆగకుండా సిస్టర్‌ని పిలవండి. మీ ఉత్తరంలో అలాంటివి లేవు, బరువు కూడా పెరిగింది.

ఇప్పుడు అత్తయ్యగారి మాట. ఆవిడ మీద కోపం పెట్టుకోకండి, ఆవిడ భయం బిల్లు గురించి, మనవడి గురించి. కొన్ని ఆసుపత్రుల్లో సీసా వాడతారు, వాడినంత మాత్రాన పాపమేమీ కాదు. అయితే దానివల్ల ఏమవుతుందో తెలుసుకుని నిర్ణయం తీసుకోండి. పాలు వేగంగా పోతాయి కాబట్టి మిల్లీలీటర్లు త్వరగా పూర్తవుతాయి, కానీ మీ వాడికి ఇప్పటికే ఒకసారి పొలమారింది. కొందరు పిల్లలు సీసాకి అలవాటుపడి రొమ్ము దగ్గర మొరాయిస్తారు. ఇంటికెళ్లాక సీసా, పీక ప్రతిసారీ మరిగించాలి, ఏ ఒక్కసారి బద్ధకించినా విరేచనాలు, ఈ బరువు బిడ్డ అది తట్టుకోలేడు. అన్నీ ఆలోచించి సీసానే అనుకుంటే బాగా నెమ్మదిగా వచ్చే పీక అడగండి, బాబును వెల్లకిలా కాకుండా తల కొంచెం ఎత్తులో ఉండేలా పక్కకు తిప్పి పడుకోబెట్టండి, మూడు నాలుగు చీకులకోసారి సీసా కిందికి వంచి ఊపిరి తీసుకోనివ్వండి. మొదటి కొన్నిసార్లు మానిటర్ తగిలించి ఉండగానే పట్టాలి.

నన్నడిగితే ఉగ్గుగిన్నె, రొమ్ము కలిపి నడిపే దారి మీ వాడికి నప్పుతుంది. మన ఊళ్లలో ఉగ్గుగిన్నె ఎప్పటినుంచో ఉంది, ఇప్పుడు మన దేశంలో నవజాత శిశు వార్డుల్లో 32 నుంచి 34 వారాల పిల్లలకు ఇదే పద్ధతి. దీనికీ ఇబ్బందులు లేకపోలేదు, పాలు ఒలుకుతాయి, టైమ్ పడుతుంది, విసుగొస్తుంది. గొంతులోకి పోయకూడదు. బాబును సగం కూర్చున్నట్టు పట్టుకుని, గిన్నె మూతి కింది పెదవి మీద ఆనించి, పాలు పెదవికి తగిలేంత వంచి ఊరుకుంటే వాడే నాలుకతో అందుకుంటాడు. గుటక పడ్డాకే తర్వాతి చుక్క.

డాక్టర్‌గారిని ఇంకో మాట అడగండి, మీ ఇంట్లో ఎవరూ ఇది ఆలోచించినట్టు లేదు. “పాలన్నీ నోటితో” అంటే రొమ్ముతోనే తాగాలని ఆయన ఉద్దేశమా, ఉగ్గుగిన్నెతో తాగినా లెక్కేనా? చాలా చోట్ల ఉగ్గుగిన్నె కూడా లెక్కే. ట్యూబు అవసరం లేకుండా పాలన్నీ గిన్నెతోనో రొమ్ముతోనో లోపలికి పోతూ, వరుసగా కొన్ని రోజులు బరువు పెరుగుతూ, ఊపిరి ఆగడం గానీ నీలం కావడం గానీ లేకుండా, వళ్లు వెచ్చగా నిలబడితే పంపిస్తారు. బరువు అంటే కిలోకు రోజుకు 15 గ్రాములు, మీ వాడి లెక్కలో సుమారు 25. అంటే రొమ్ము పూర్తిగా పట్టేదాకా ఆసుపత్రిలోనే ఉండాల్సిన పని లేకపోవచ్చు, ఆ నేర్చుకోవడంలో సగం ఇంట్లో జరగొచ్చు.

రొమ్ము దగ్గర సాధన ఎలా అంటే, మొదట్లో పాలు పిండేసిన తర్వాత పెట్టండి. అప్పుడు పాలు చుక్కచుక్కగానే వస్తాయి, వాడు పొలమారకుండా చీకడం మీదే మనసు పెడతాడు. వీలైతే అదే సమయంలో ట్యూబులో పాలు వెళ్లేలా సిస్టర్‌ని అడగండి, చీకుతుంటే పొట్ట నిండుతోందని వాడికి తెలుస్తుంది. ఇలా ఖాళీ రొమ్ము చీకిన పిల్లలు ట్యూబు నుంచి నోటికి మారడం త్వరగా జరుగుతుందని పరిశోధనలు చెప్తున్నాయి. పాలు మింగుతున్నట్టు గుటక వినిపించడం మొదలయ్యాక పాలున్న రొమ్ముకే పెట్టండి, మొదట రోజుకు ఒకటి రెండు సార్లు, తర్వాత పెంచుతూ. ఎంత తాగాడో తెలియాలంటే అవే బట్టలతో ముందూ తర్వాతా డిజిటల్ తూకం మీద పెట్టి చూస్తారు, పెరిగిన గ్రాములు దాదాపు తాగిన మిల్లీలీటర్లే. ఈ తూకం రోజుకు ఒకసారి చాలు, ప్రతిసారీ వేస్తే మీకు అంకెల పిచ్చి పట్టుకుంటుంది.

మీ అమ్మగారికి నెమ్మదిగా చెప్పండి, ముక్కు నొక్కడం, బుగ్గలు పిసకడం వద్దు. ముక్కు నొక్కితే నోరు తెరుస్తాడు నిజమే, ఊపిరి కోసం తెరుస్తాడు, ఆ క్షణంలో పాలు పడితే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తేనె నాకించడం, చక్కెరనీళ్లు కూడా వద్దు. ఆకలిని బాబు తనంతట తాను చెప్తాడు, చేతులు నోటి దగ్గరికి తెచ్చుకుంటాడు, నాలుక బయటపెడతాడు, తల పక్కకు తిప్పి వెతుకుతాడు. ఏడుపు దాకా వస్తే ఆలస్యమైనట్టే, ఏడ్చి అలిసిపోయిన బిడ్డ చీకడు. అలాగే చాలు అని కూడా చెప్తాడు. వేళ్లు విచ్చుకుని చాపడం, కనుబొమలు పైకెత్తడం, ఎక్కిళ్లు, పాలు పెదవి పక్కనుంచి కార్చేయడం, ముఖం తిప్పుకోవడం చూస్తే అక్కడితో ఆపేయండి, మిగతాది ట్యూబులో పోనివ్వండి. మీ పక్కన అమ్మగారిని కూర్చోబెట్టి ఈ గుర్తులు కనిపెట్టే పని ఆవిడకే అప్పగించండి, పెద్దవాళ్ల కళ్లకు ఇవి త్వరగా అందుతాయి.

పాలు తగ్గడం గురించి. నేరుగా చీకే బిడ్డ లేనప్పుడు తగ్గడం సహజం, మీ తప్పేమీ లేదు. రోజుకు ఎనిమిది నుంచి పది సార్లు పిండాలి, అందులో కనీసం ఒకటి రాత్రి నిద్ర మధ్యలో. కష్టమే, తెలుసు. బాబును గుండెకు హత్తుకుని కూర్చుని లేచిన వెంటనే పిండితే ఎక్కువ వస్తాయి. ఇలా బిడ్డ వళ్లు నేరుగా తల్లి వంటికి తగిలేలా హత్తుకోవడాన్ని కంగారూ మదర్ కేర్ అంటారు, దాని గురించి మీ ఉత్తరంలో ఒక్క ముక్క కూడా లేదు, అది నన్ను బాధపెట్టింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నెలలు నిండని పిల్లలందరికీ రోజుకు 8 నుంచి 24 గంటలు ఇది ఇవ్వాలని చెప్పింది. అంతకు ముందు ఏడాది వచ్చిన పెద్ద పరిశోధనలో మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి కూడా ఉంది, పుట్టిన వెంటనే ఇలా హత్తుకోవడం మొదలుపెట్టిన చోట చిన్న పిల్లల మరణాలు నాలుగో వంతు తగ్గాయి. మీ వాడికి ఇప్పుడు ఆక్సిజన్ పెట్టాల్సిన అవసరం లేదు కాబట్టి అడ్డేమిటో అడగండి. మీవారు కూడా చొక్కా విప్పి హత్తుకుని కూర్చోవచ్చు, అప్పుడు మీరు రెండు గంటలు పడుకోవచ్చు. రొమ్ము వాసనలో మెలకువ వచ్చిన బిడ్డ దానంతట అదే వెతుక్కుంటుంది, సగం పాఠం అక్కడే అయిపోతుంది.

మీవారి రెండు ఆలోచనల గురించి. ట్యూబుతో ఇంటికి వెళ్లడం కొన్ని దేశాల్లో చేస్తారు, కానీ అక్కడ నర్సు ఇంటికి వచ్చి చూస్తుంది, తల్లిదండ్రులకు ముందే నేర్పుతారు. మీ ఆసుపత్రి అలాంటి ఏర్పాటు చేస్తామంటే తప్ప నేను ఒప్పుకోను, ట్యూబు జారి పాలు ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంట్లో కనిపెట్టేవాళ్లు ఉండరు. ప్రభుత్వాసుపత్రికి మార్చడం మాత్రం ఆలోచించాల్సిన దారే. అక్కడి ఎస్‌ఎన్‌సీయూలలో, అంటే జబ్బుపడ్డ నవజాత శిశువుల ప్రత్యేక వార్డుల్లో, జననీ శిశు సురక్ష అనే ప్రభుత్వ పథకం కింద చికిత్స ఉచితం. అయితే ముందు అక్కడ బెడ్ ఉందా, తల్లిని బిడ్డ దగ్గర ఉండనిస్తారా, రోజుకు ఎన్నిసార్లు పాలు పట్టనిస్తారు అని ఫోన్లో కాకుండా వెళ్లి కనుక్కోండి, ఇక్కడి డాక్టర్‌గారితో కాగితం రాయించుకోండి, ప్రయాణంలో బాబు చల్లబడకుండా మీ గుండెకే కట్టుకుని తీసుకెళ్లొచ్చేమో అడగండి. ప్రభుత్వ ఆరోగ్య కార్డు ఉంటే ఇప్పుడున్న చోటే వర్తిస్తుందేమో, ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను కలవండి, చాలామంది ఈ పని బిల్లు కట్టాక చేస్తారు. డాక్టర్ వద్దంటున్నా సంతకం పెట్టి ఇంటికి తీసుకెళ్లిపోవడం మాత్రం చేయకండి. మీరు నిద్రలో ఉన్నప్పుడు వాడు ఊపిరి ఆపితే గమనించే మానిటర్ ఇంట్లో లేదు.

ఇంటికి వచ్చాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది సార్లు మూత్రం పోస్తుంటే, వారానికోసారి తూకంలో బరువు పెరుగుతుంటే పాలు సరిపోతున్నట్టే. ఆశా కార్యకర్త ఇంటికి వస్తుంది, తూకం ఆమెతో వేయించుకోవచ్చు. 40 వారాల లెక్క దాటినా చీకడం కుదరకపోతే జిల్లా కేంద్రంలోని సత్వర చికిత్స కేంద్రానికి, డీఈఐసీ అంటారు, తీసుకెళ్లండి.

మీరు అడగలేదు గానీ ఒకటి చెప్పాలి. 34 వారాల లోపు గానీ, 2,000 గ్రాముల లోపు గానీ పుట్టిన పిల్లలకి కంటి వెనక రెటీనా పరీక్ష పుట్టిన 30 రోజుల్లోపు అయిపోవాలి. ఆర్‌ఓపీ పరీక్ష అంటారు. ఆలస్యమైతే చూపు పోయే ప్రమాదం ఉంది, సమయానికి పట్టుకుంటే లేజర్‌తో కాపాడొచ్చు. బాబుకి 26వ రోజు అన్నారు, ఈ ఉత్తరం నా దగ్గరికి వచ్చేలోపే ఒకటి రెండు రోజులు గడిచి ఉంటాయి. పాల సంగతి రేపు మాట్లాడినా ఫర్వాలేదు, ఇది మాత్రం ఇవాళే రౌండ్స్‌కి వచ్చిన డాక్టర్‌ని అడిగి, అయిందో లేదో, కాకపోతే ఏ రోజు చేస్తారో కాగితం మీద రాయించుకోండి.